తివాచీ అక్క కుడి మోకాలు

ఆఫీసుల్లో, హోటళ్లలో గోడనుంచి గోడదాకా ఒక్క ముడత లేకుండా ఉండే తివాచీ తనంతట తాను అలా పడుకోదు. ఎవరో తన్ని పడుకోబెడతారు. దానికో పొట్టి కడ్డీ ఉంటుంది, కిక్కరంటారు. ఒక చివర ఇనుప పళ్లు, మరో చివర దళసరి మెత్త. పళ్లను తివాచీలో గుచ్చి, చేతులు నేలకు ఆనించి, మెత్తను మోకాలితో తన్నాలి. తివాచీ సాగి గోడ వెంబడి ఉన్న మేకుల పట్టీకి తగులుకుంటుంది. అసలు పద్ధతి ప్రకారం మోకాలి చిప్పకు పైన, తొడ కండతో తన్నాలి. పొద్దున అందరూ అలాగే తంతారు. సాయంత్రానికి నడుము వాలిపోయి, చిప్పే వెళ్లి మెత్తకు తగులుతుంది.

తివాచీ అక్కకు ఈ పనిలోనే జుట్టు నెరిసింది. కొలిచి కోసేది మొగుడు, తన్నేది అక్క. "మా ఇంట్లో తన్నేది నేనే" అని ఆవిడ చెప్పుకునేది. పనికి పిలిచినవాళ్లు మొగుడివైపు జాలిగా చూస్తే అప్పుడు నవ్వేది.

కుడి మోకాలి నొప్పి మొదట పనిలో వచ్చి, కూర్చుంటే పోయేది. తర్వాత మెట్లు దిగుతుంటే వచ్చింది. ఆపైన కుర్చీలోంచి లేస్తుంటే. అక్క ఎవరికీ చెప్పలేదు. ఎంత ఓర్పో అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకున్నారు. కష్టజీవుల ఓర్పు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లకు తెలియనిదేమిటంటే, అందులో సగం ఓర్పు కాదు, భయం. అక్క తండ్రికీ మోకాలి దగ్గరే మొదలైంది. బెణుకన్నారు, వాపన్నారు, చివరికి ఎముకలో గడ్డ అన్నారు. తొడ దాకా కాలు తీసేశారు. ఏడాది తిరక్కుండా ఆయన పోయాడు. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. "నాన్నది" అంటారు, అంతే.

ఒకరోజు పని ముగించి వస్తూ అక్క గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, మెట్టు మెట్టుకూ ఆగి దిగుతుంటే మొగుడు చూశాడు. నిలదీస్తే చెప్పింది, నాన్నది తనకూ వచ్చిందని.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకే" అన్నాడు.

"బోడిగుండు నీది, మోకాలు నాది. ముడి ఎప్పుడో పడిందిగా" అంది అక్క. ఇద్దరికీ నవ్వు రాలేదు.

మొదటి డాక్టరు అడగవలసినవే అడిగాడు. కిందపడ్డారా అంటే లేదంది. దేనికైనా కొట్టుకున్నారా అంటే లేదంది. అందులో అబద్ధం లేదు. తివాచీ పనివాళ్లకు దెబ్బంటే సుత్తి వేలిమీద పడటం, కత్తి జారి చెయ్యి తెగడం. రోజంతా మోకాలితో ఇనుపకడ్డీని తన్నడం పని. పనిని దెబ్బల్లో ఎవరు జమకడతారు? ఏం చేస్తుంటారని ఆయన అడిగితే తివాచీలు పరుస్తామంది. ఆయనకు మంచంమీద దుప్పటి పరచడం లాంటిదేదో తోచి ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. చిప్ప కింది నరం వాచిందన్నాడు. గోడకు ఆనుకుని మోకాళ్లు వంచి లేచే వ్యాయామం చెప్పాడు.

అక్క శ్రద్ధగా చేసింది. చేసినకొద్దీ నొప్పి పెరిగింది, భయం అంతకంటే పెరిగింది. నాన్నకూ మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదనే అన్నారు. స్నానాల గదిలో రెండు మోకాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసుకునేది. కుడిది ఉబ్బినట్టు ఉండేది. మళ్లీ చూస్తే రెండూ సమానంగా ఉండేవి. చెప్పుల దుకాణం ముందు నిలబడి, ఒంటికాలివాళ్లు రెండో చెప్పును ఏం చేస్తారా అని ఆలోచించానని తర్వాతెప్పుడో చెప్పింది. పని మాత్రం మానలేదు. కుడికాలు మొరాయిస్తే ఎడమకాలితో తన్నింది.

చివరికి మొగుడు ఇంకో ఎముకల డాక్టరు దగ్గరకు లాక్కెళ్లాడు. ఈవిడ మాట్లాడటం తక్కువ. చిప్ప కింద నొక్కింది. అక్కడ నొప్పి లేదంది అక్క. చిప్ప మీదే, సరిగ్గా నడిమధ్య, బొటనవేలితో నొక్కింది. అక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. నొప్పి నరంలో కాదు, ఎముకలో ఉందన్నమాట. అక్కకు కావలసిన సాక్ష్యం దొరికేసింది: ఎముకలో అంటే నాన్నదే.

డాక్టరమ్మ ఆమె పని చేసి చూపించమంది. అక్క నేలమీద వంగి, మొగుడి చేతిసంచిని గోడకు ఆనించి, మోకాలు వెనక్కి తీసింది.

"ఆగండి. తన్నొద్దు. ఇలా రోజూ చేస్తారా?"

"రోజూ ఇదేనండీ, రోజంతా."

"దేనికీ కొట్టుకోలేదని ఈ కాగితాల్లో ఉందే?"

"కొట్టుకోలేదండీ. పని చేశాను."

ఒక్క పెద్ద దెబ్బకు విరిగే ఎముక వేరు, ఒకేచోట రోజూ పడే చిన్న దెబ్బలకు అలిసి బీటవారే ఎముక వేరు, ఈ రెండోది ఎక్స్‌రేకు తొందరగా దొరకదు అని డాక్టరమ్మ వివరించింది. స్కానింగ్ తీయాలంది. అక్క చెవిన పడింది స్కానింగన్న ఒక్క మాటే. ఆ గొట్టంలో కదలకుండా పడుకుని, చుట్టూ మోతలు మోగుతుంటే, కాళ్లు రెండూ ఉన్నాయో లేదో అని వేళ్లు ఆడించింది. దాంతో మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఫలితం రోజున డాక్టరమ్మ తెర ఇటు తిప్పి చూపించింది. చిప్పకు అడ్డంగా వెంట్రుకంత గీత.

"గడ్డ లేదా?" అంది అక్క.

"గడ్డేమిటి?"

"క్యాన్సర్." భార్య నోట ఆ మాట మొగుడు అప్పుడే మొదటిసారి విన్నాడు.

"లేదు. ఎముక బీటవారింది, అంతే. ఇంకా విడిపోలేదు. ఆరోజు ఆ సంచిని తన్ని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను."

కాలు వంగకుండా పట్టీ కట్టాలని, కొన్ని వారాలు పని లేదని, ఆ తర్వాత కూడా తన్నడం గురించి ఇప్పుడే మాట ఇవ్వలేనని చెప్పింది. మొగుడు ఊపిరి పీల్చుకుని లేచాడు. అక్క లేవలేదు. ఎడమ కాలు ముందుకు చాపింది.

"దీన్ని కూడా చూడండి. అది నొప్పెట్టాక దీంతోనే తన్నాను."

డాక్టరమ్మ ఎడమ చిప్ప మీద నొక్కింది. నొప్పి లేదు.

"ఇంకాస్త గట్టిగా నొక్కండి" అంది అక్క.