పరంజా మీద రామ్‌దాస్

రామ్‌దాస్ చేతిలో దేవుడున్నాడని కమ్మర్‌పల్లిలో అంటారు. చేతి సంగతి ఏమోగానీ, అతని బతుకును నడిపింది మోకాళ్లు. నేల నుంచి నిలువెత్తు లేస్తే చాలు, అవి వణుకుతాయి. ఈ సంగతి భార్య భాగ్యలక్ష్మికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒకప్పుడు బోధన్‌లో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఓ రైస్‌మిల్లు గోడ మీద పైవరుస అక్షరాలు దిద్దుతుండగా కాలి కింద చెక్క విరిగింది. కింద ఊక కుప్ప ఉండబట్టి భుజం ఎముకతో పోయింది. దేవుడు కాపాడాడని అందరూ అన్నారు. ఊక కాపాడిందని ఒక్కరూ అనలేదు. రామ్‌దాస్‌కు నొప్పి గుర్తులేదు. విరిగే ముందు చెక్క చేసిన చిన్న చప్పుడు గుర్తుంది. టక్.

ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయింది. ఊరంతా అయ్యో అంది. రామ్‌దాస్ లోలోపల సంతోషించాడు. అంగన్‌వాడీ గోడలు, ఆటోల వెనక పేర్లు, అన్నీ చెయ్యి చాపితే అందేవే. గల్ఫ్ సంపాదనతో కట్టిన కొత్త ఇళ్లలో బొమ్మలు వేయించుకునే మోజు మొదలయ్యాక మాత్రం గోడలు మళ్లీ పెరిగాయి. మహేందర్ ఇంట్లో హాలు పై అంతస్తు కప్పు దాకా ఖాళీగా లేచి ఉంది. గోడకు ఆనించి ఇనుప గొట్టాల పరంజా కట్టి ఉంది. కాదందామంటే, ఎక్కడానికి జంకే పెయింటర్ అన్న మాట షేర్ ఆటో ఎక్కి ఆర్మూరు చేరడానికి ఎంతసేపు? ఆ తర్వాత పిలిచేదెవరు?

మహేందర్ మస్కట్‌లో ఉంటాడు. బొమ్మ సంగతి అత్తమ్మనే అడగమంది అతని భార్య సుమలత. అత్త హన్మవ్వకు దాని మీద గట్టి అభిప్రాయమే ఉంది.

"లేడి బొమ్మ ఎయ్యి బిడ్డ. పెద్దగుండాలె. కండ్లు ఇంతింత. మెడ నాజూగ్గ. జర పక్కకు తిరిగి సూస్తున్నట్టు."

"అర్థమైంది అవ్వ" అన్నాడు రామ్‌దాస్.

ఏ పెయింటరైనా ముందు సుద్దతో గీతలు గీస్తాడు. కిందికి దిగి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు, ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాడు, మళ్లీ ఎక్కుతాడు. రామ్‌దాస్‌కు ఆ 'మళ్లీ' అనే మాటే గిట్టదు. ఒక్కసారి ఎక్కి, పైభాగం రంగులతో సహా ముగించి దిగితే, మిగతాది స్టూలు మీద నిలబడి కానివ్వొచ్చు. అత్తాకోడళ్లు ఆర్మూరు పోయిన రోజు చూసుకుని ఎక్కాడు. వాకిట్లో పసుపు ఆరబోసే కూలీలు తప్ప ఎవరూ లేరు. వణికే కాళ్లను ఎవరూ చూడరు. ఎడమ చేత్తో గొట్టాన్ని కరచుకుని, కిందికి చూడకుండా, పొద్దు వాలేదాకా వేశాడు. దిగాక నేల మీద అరచేతులు ఆనించి కూర్చున్నాడు. అయిపోయింది, ఇక ఎక్కే పని లేదు.

హన్మవ్వ వచ్చి తలెత్తింది.

"గీమె ఎవలు?"

"నువ్వు చెప్పిన లేడీయే అవ్వ."

"నేను లేడి అన్న! అడివిల దుంకుతది సూడు, గా లేడి. దీనికి ముక్కుపుడక ఎందుకుంటది?"

సుమలత ఇంకా పైకే చూస్తోంది. "నిజం చెప్పు అన్నా. మస్కట్ నుంచి ఫోటో పంపిండా ఆయన?"

"అయ్యో చెల్లె! నా మనసుల పుట్టింది."

"అందరు గట్లనే అంటరు."

పోనీ ఆమె పాదాల దగ్గర లేడిని వేస్తానన్నాడు రామ్‌దాస్. పాదాలైతే చేతికందుతాయి.

"లేడి సరే. ఈమె దినాం నా వంటింట్లకు సూసుకుంట ఉంటదా?" అంది సుమలత.

"తుడిపెయ్. రేపు పైకెక్కి మొత్తం తుడిపెయ్" అంది హన్మవ్వ.

అందులో ఎక్కి అన్న మాటొక్కటే రామ్‌దాస్‌కు వినబడింది. మర్నాడు రంగు ఆరలేదన్నాడు. ఆ మర్నాడు పరంజా బోల్టు వదులైందని, గొట్టం ఊగుతోందని చెప్పి, రుజువుగా మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. హన్మవ్వ బోల్టును చూడలేదు.

"గొట్టం కాదు బిడ్డ. నీ కాలు ఊగుతున్నది."

అబద్ధం ఇంకోటి వెతికాడు. దొరకలేదు. "భయం అవ్వ. పడ్డ కాన్నుంచి. ఎవలికి చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

"నాకు బాయంటె భయం. లగ్గమైన కాన్నుంచి మోటరు పెట్టిందాక గా బాయి నీళ్లే తోడిన. కండ్లు మూసుకొని."

"కండ్లు మూసుకొని బొమ్మ ఎట్లెయ్యాలె?"

"మరి నోరు తెరువు. భయమైతుందని ఒర్రుకుంట ఎయ్యి. ఇంట్ల ఎవలున్నరు మేము తప్ప?" కొంగు నడుముకు చెక్కి గొట్టం పట్టుకుంది. "పడితె నా మీదనే పడుతవ్. గందుకే పడకు."

ఎక్కాడు. అరుస్తూనే ఎక్కాడు. "అవ్వా, చెయ్యి జారుతున్నది! అవ్వా, చెక్క చప్పుడైంది!" చెక్క ఏమీ అనలేదు, అతని పళ్లే టకటకమన్నాయి. వాకిట్లో కూలీలు పని ఆపి విన్నారు. పాము వచ్చిందేమోనని ఒకామె కర్ర కూడా తెచ్చింది. రహస్యం అక్కడితో సరి. అరిస్తే భయం పోతుందనుకుంటే పొరపాటు. ఎప్పటిలాగే గుండెల్లో కూర్చునే ఉంది. కాకపోతే, దాచే పని తప్పడంతో కుంచె పట్టడానికి చెయ్యి కొంచెం తెరిపిన పడింది.

తెల్లరంగు కింద మొదట కళ్లు పోయాయి, తర్వాత ముక్కుపుడక. ఆరాక మళ్లీ ఎక్కి, మళ్లీ అరుస్తూ సుద్ద గీతలు గీశాడు. దిగి చూసుకునే పని లేకుండా సుమలత గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. "చెవి పొడుగైంది అన్నా. గాడిదనుకుంటరు."

నెమ్మదిగా గడ్డి మేసే లేడిని వెయ్యాలనుకున్నాడు. చెయ్యి వణికి మెడ గీత బిగిసింది, చెవులు నిక్కాయి, కన్ను పెద్దదైంది. రంగులు వేసి, దిగి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

హన్మవ్వ గుమ్మం దాకా వెనక్కి జరిగి చూసింది. "గిట్ల బెదిరిందేంది రామ్‌దాసు? ఎనుక నుంచి ఎవలో వస్తున్నట్టు."

"లేడి గదా అవ్వ."

"మంచిగున్నది." కళ్లు చికిలించింది. "కని కుడి చెవుల రంగు ఎయ్యలె."

రామ్‌దాస్ తలెత్తాడు. నిజమే, చెవి లోపల తెల్లగా ఉంది. అతను లేచే లోపే హన్మవ్వ గొట్టం పట్టుకుని నిలబడింది.

"ఒర్రు బిడ్డ" అంది.