మగ్గం గుంతలో బుస

గూబ మా ఇంట్లో గూడు పెట్టిందని ఇప్పుడు ఇంత ధైర్యంగా రాస్తాండాను గానీ, ఆ దినాల్లో ఆ మాట నోరు దాటకుండా పండ్లు బిగబట్టుకొని బతికినా. అది చెట్టు తొర్రలో పెట్టుకోవచ్చు, పాడుబడిన బురుజులో పెట్టుకోవచ్చు. ఆదోని కొండ మీద రాళ్ళ సందులకేమన్నా కరువా? ఆ పాడు పక్షికి యాడా ఇంకేమీ దొరకనట్టు ఎమ్మిగనూరులో మా నాయన మిద్దెలో మగ్గం గుంతే దొరికింది.

అప్పుడు నేను కడుపుతో ఉండి, కాన్పుకని ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పుట్టింటికి వచ్చింటి. మామూలుగా వచ్చేదాని కంటే ముందే వచ్చినా. ఎందుకంటే అంతకు ముందు కాన్పు ఆదోనిలోనే అయింది. నొప్పులు ముందే మొదలైనాయని ఫోను చేస్తే అమ్మ ఉన్నపళంగా బస్సెక్కింది. అమ్మ వచ్చేలోపల అంతా అయిపోయింది. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆ సంగతి ఇంతకంటే రాయను, నాతో కాదు.

మాది నేతపని ఇల్లు. ముందరింట్లో నాయన మగ్గం, వెనకింట్లో చిన్నాయన మగ్గం. మావి గుంత మగ్గాలు. నేసే మనిషి గుంత అంచున కూచొని, కాళ్ళు లోపలికి దించి తొక్కుతాడు. చిన్నాయన ఎప్పుడో మగ్గం విప్పేసి ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయినాడు. గుంత మాత్రం అట్లే ఉండిపాయ. దాని మీద సందుసందుగా పలకలు పరిచి, పక్కన పొయ్యిలోకి పత్తికట్టె వేసుకుంటాండిరి. వెలుతురు కోసమని మిద్దెకు కన్నం విడుస్తారే, మా పక్క గవాచి అంటాము, ఆ గవాచి మీది మూత గాలికి కొట్టుకొని పోయినా ఎవరూ పట్టించుకోలేదు.

బాత్రూము పెరట్లో. దానికి పోవాలంటే వెనకింట్లో నుంచే పోవాల. నేను వచ్చిన కొద్ది దినాలకే, పొద్దుగూకేటప్పుడు అట్ల పోతాంటే గుంతలో నుంచి బుస వినపడింది. ఒట్టి బుస కాదు. ఊపిరి ఎంత పొడుగుందో అంత పొడుగు బుస. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. కడుపు చేత్తో పట్టుకొని ఎట్ల ముందరింట్లోకి వచ్చి పడినానో నాకే తెలీదు.

నాయన మగ్గం ఆపి కట్టె తీసుకొని లేచినాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, గోడకు ఆనుకొని వచ్చి, చెవి పెట్టి విని, రెండు చేతులూ జోడించింది.

"నాగప్ప వచ్చినాడు" అనింది.

"నాగప్ప లేదు గీగప్ప లేదు. ఒక బండి మన్ను తెచ్చి ఆ గుంత పూడుస్తా" అన్నాడు నాయన.

"కడుపుతో ఉండే పిల్లను ఇంట్లో పెట్టుకోని పుట్ట పూడుస్తావారా? పోయినసారి బిడ్డ ఎందుకు నిలవలేదనుకుంటివి? యాడో తప్పు జరిగింటాది. ఇప్పుడు ఆయప్పే ఇల్లు ఎతుక్కోని వచ్చినాడు. కట్టె ఆడ పెట్టు."

కడుపుతో ఉండే మనిషి ఇంట్లో పామును కొట్టగూడదనేది మా పక్క అందరికీ తెలిసిందే. నాయన కట్టె పెట్టేసినాడు. మరుసటి దినం నుంచి గుంత అంచున పసుపు, కుంకుమ, గిన్నెలో పాలు. అవ్వ వంగలేదు కాబట్టి ఆ పని అమ్మకు పడింది. అమ్మ సాయంత్రం పాలు పెట్టేది, పొద్దున్నే పోయి గిన్నె కడిగి, ఊడ్చి, తలుపు దగ్గరేసి వచ్చేది. పాలు తెల్లారేకల్లా అయిపోతాండె. అవ్వ సంతోషం చెప్పనలవి కాదు. పాము ఇంట్లో ఉంటే సంతోషమేందో నాకు అర్థం కాలేదు గానీ, అవ్వతో వాదించి గెలిచినోళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. బాత్రూముకు పోవాల్సి వస్తే అమ్మ చెయ్యి పట్టుకొని, కండ్లు మూసుకొని పోతాంటి. మా ఆయన ఆదోని నుంచి ఫోను చేసి "నాగప్ప బాగుండాడా? అన్నం తిన్నాడా?" అని ఎగతాళి. ఆయనకేం, ఆడ సుఖంగా కూచొని ఎన్నైనా మాట్లాడతాడు.

ఒకనాడు అమ్మ నీళ్ళ కొళాయి కాడికి పోయింది. అప్పుడే నాకు ఆపుకోలేనట్టు ఆయ. దేవుడా అనుకుంటా వెనకింటి తలుపు తోసినా. ఇంకా కొంచెం వెలుతురుంది. గవాచిలో నుంచి తెల్లగా ఏదో చప్పుడే లేకుండా లోపలికి దిగింది. పలక మీద వాలి నా దిక్కు తిరిగింది. తెల్లటి మొగం, పౌడరు మెత్తి మెత్తి పూసుకున్నట్లు. నల్లటి కండ్లు. కాళ్ళ కింద ఎలుక. పలకల సందులో నుంచి అట్లాంటి మొగాలే చిన్నవి పైకి లేచి, అన్నీ ఒక్కసారి బుస కొట్టినాయి.

పాము కాదు. గూబ. ఆకలికి పిల్లలు చేసే చప్పుడు అది.

విషప్పురుగు కాదని తెలిసినాక నిమ్మళం కావాల గదా? నాకు ఇంకా ఎక్కువ భయమాయ. పాము కరిస్తే ఆసుపత్రిలో సూది ఉంది. గూబ ఇంట్లో దూరితే సూది యాడుంది? గూబ దూరిన ఇల్లు పాడుపెట్టాల. పొయ్యి ఆర్పి, తాళం వేసి, నెలలకొద్దీ ఆ గడప తొక్కగూడదు. లేకుంటే ఆ ఇంట్లో ఒక ప్రాణం పోతాదంటారు. ఏ ప్రాణం పోతాదో నాకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. చెయ్యి దానంతట అదే కడుపు మీదికి పోయింది.

చెప్తే ఏమైతాది? ఆ సాయంత్రమే అవ్వ అందర్నీ బయటికి లాగుతాది. నాయన మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, అది విడిచి యాడికి పోతాడు? గూబ తరిమిన కుటుంబానికి, అందులో నిండు నెలల మనిషికి, అద్దెకు ఇల్లు ఎవరిస్తారు? నన్ను మాత్రం ఆదోనికి పంపిస్తారు. అదే ఇంటికి, అదే మంచానికి, అమ్మ లేని చోటికి. చెప్పకపోతే? ఈ బిడ్డకు ఏమన్నా అయితే, తెలిసి కూడా నోరు మూసుకున్న పాపం నాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నేను రెండింటిలో ఒక్కొక్క కాలు పెట్టి నిలబడినట్లుండె.

చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటాది, అట్లాంటి దాన్ని చెప్పలేదు. ఆ దినం నుంచి నేను పడిన భయం పగోళ్ళకు కూడా వద్దు. బిడ్డ కొంచేపు కదలకుంటే అన్నం దిగేది కాదు. ఎడమ పక్కకు తిరిగి, కుడి పక్కకు తిరిగి, చన్నీళ్ళు తాగి, కడుపు మీద చెయ్యేసుకొని "ఒకసారి తన్నుమ్మా, ఒక్కసారి" అని అడుక్కునేదాన్ని. తన్నితే ఏడుపొచ్చేది. వెనకింట్లో బుస వినపడిందంటే, అది చెవిన పడకుండా నాయన మగ్గం ఆడతానే ఉంటే బాగుండునని మొక్కుకునేదాన్ని. అవ్వ మాత్రం నా తల నిమిరి, "కాపలా ఉండాడు లే, భయమెందుకు" అనేది. నాకు ఆ మాటకే ఒళ్ళు మండేది, ఆ మాటకే భయమూ అయ్యేది.

ఒక మధ్యాన్నం నొప్పులు మొదలైనాయి. నాయన ఆటో పిలిచినాడు. ఆయన ముందర డ్రైవరు పక్కన, నేను అమ్మ వెనక. గుంతల రోడ్డులో ఆటో ఎగిరెగిరి పడతాంటే నాకు ఇంక ఆగలేదు. అమ్మ చెవిలో చెప్పేసినా.

"అమ్మా, గుంతలో ఉండేది నాగప్ప కాదే. గూబ."

అమ్మ ముందుకే చూస్తా కూచుంది.

"తెలుసు లే" అనింది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచే. పాము యాడన్నా సున్నం కొట్టినట్ల రెట్టలేస్తాదా? ఎలుకల ఎంటికలు, బొమికలు ఉండలు ఉండలుగా పడింటే దినామూ ఊడ్సి పారేసేది నేనే గదా. పాలు తాగేది పక్కింటి పిల్లి."

అంత నొప్పిలోనూ నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి నాకు చెప్పొద్దా? నేను ఒక్కదాన్నే దినామూ సచ్చి బతికితి గదే" అన్నా.

"చెప్తే ఇల్లిడుస్తారు. నిన్ను ఆడికి పంపిస్తారు. పోయినసారి నువ్వు ఆడ, నేను బస్సులో. అది మల్ల నాతో కాదు." నా చెయ్యి పట్టుకొని, "ఏమన్నా అయితే నా మీదికే రానీ అనుకుంటి" అనింది.

అప్పుడు చూసినా, నా చెయ్యి పట్టుకున్న అమ్మ చెయ్యి చల్లగా తడిసిపోయింది.

ఆసుపత్రిలో తోడుకు అమ్మను లోపలికి రానిచ్చినారు. బిడ్డ బయటికొచ్చింది, నాకు తెలిసింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నర్సమ్మ బిడ్డను తలకిందులు చేసి వీపు రుద్దుతాంది. నేను బిడ్డ దిక్కు చూడలేదు, చూసే ధైర్యం లేదు. అమ్మ మొగమే చూస్తాంటి. అమ్మ పెదాలు కదులుతాండాయి, ఏ దేవుణ్ణి పిలుస్తాందో తెలీదు.

ఏడ్చింది. గది పగిలిపోయేటట్ల ఏడ్చింది.

నర్సమ్మ తుడిచి, గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చి, "ఆడపిల్ల. ఊరుకోబెట్టమ్మా, గుక్క పడతాంది" అనింది. అమ్మ ఊపలేదు, జోకొట్టలేదు. బిడ్డను గుండెకు ఆనించుకొని అట్లే నిలబడింది.

"ఏడవనీ తల్లీ" అనింది. "కొంచేపు ఏడవనీ."