ఫోన్ డబ్బా మీద లేని తేదీ

నాచారంలో ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా పని అట్టపెట్టెల మీద తేదీలు చూడటం. తయారైన నెల, గడువు ముగిసే నెల రెండూ సరిగ్గా పడ్డాయో లేదో చూసి పక్కకు తోయాలి. అక్షరాలు రానప్పుడు కూడా ఈ పని చేశాను. అంకెలు తెలుసు, మిగిలినదంతా నాకు బొమ్మే. సిరా చెదిరిన పెట్టె కనిపిస్తే చెయ్యి దానంతటదే తీసి ఎర్ర డబ్బాలో వేసేది.

అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను, అదీ ఫోన్‌లో. నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమె నాకన్నా చాలా చిన్నది, చెల్లె అని పిలుస్తాను. ఒకరోజు భోజనాల వేళ ఆమే నా ఫోన్‌లో ఒక యాప్ వేసి ఇచ్చింది. తెర మీద చుక్కల అక్షరం వస్తుంది, దాని మీద వేలితో దిద్దాలి. బాగా దిద్దితే ఒక చిలక రెక్కలు కొడుతుంది. పొద్దున ఉప్పల్‌లో బస్సు ఎక్కి నాచారంలో దిగేలోపు రోజుకో అక్షరం దిద్దేదాన్ని. పక్క సీటువాళ్లు ఆట ఆడుతున్నాననుకునేవాళ్లు. అలాగే అనుకోనిచ్చాను.

దిద్దిన ప్రతి పేజీనీ ఆ యాప్ దాచేది. వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

మా అమ్మ నాగారంలో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ఒక ఆదివారం నేను దిద్దుతుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "నాకు గూడ రాయొస్తదా?" అంది. బియ్యానికీ పింఛనుకూ దవాఖానా కాగితాలకూ జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి. మనం కోరిన మాటను చుక్కలుగా చేసి ఇచ్చే చోటు ఆ యాప్‌లో ఉంది. అక్కడ ఆమె పేరు పెట్టాను. వేలు పట్టుకుని దిద్దించబోతే విదిలించుకుంది.

"ఇడువు. నా పేరు నేను రాసుకుంట."

మూడక్షరాల పేరు. మొదటిది కుదిరింది. రెండోది కిందికి జారింది. మూడోది పెద్దదై తెర అంచును తాకింది. చిలక రెక్కలు కొట్టలేదు.

"దానికి కండ్లు కనవడ్తలేవే," అని అమ్మ చిలకను తిట్టింది.

మరుసటి ఏడాది అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, చూపు కూడా మందగించింది. అప్పటినుంచి నేను వెళ్లినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "నా పేరు సూపియ్యే." చూపిస్తాను. ఎడమచేతి బొటనవేలితో తెర తుడిచి చూసుకుంటుంది. ఆమె తన చేత్తో రాసింది అదొక్కటే.

ఒక ఉదయం బస్సులో యాప్ తెరిస్తే చిలకకు ముందు ఒక తెల్లని పలక వచ్చింది. దాని మీద తెలుగులో రాసి ఉంది. కూడబలుక్కుంటూ చదివాను. నా ఫోన్‌లోని సిస్టమ్ పాతదట. వచ్చే నెలాఖరు తర్వాత అందులో ఈ యాప్ పనిచేయదట. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి నోటీసు అది. బల్ల దగ్గరకు వెళ్లగానే చుట్టూ ఉన్నవాళ్లందరికీ, చెల్లెకూ చదివి వినిపించాను.

"అబ్బ, మస్తు సదివినవ్ అక్కా! టీచరమ్మ లెక్క," అని చెల్లె నవ్వింది. "గడువు పెంచుతరు తియ్. రేషన్ కార్డుకు ఎన్నిసార్లు పెంచలే? ఇంతమందిని ఒక్కసారే ఇడిసిపెడ్తరా?"

నాకూ అదే అనిపించింది. మేం చూసిన ఆఖరి తేదీ ఏదీ ఆఖరిది కాదు. గడువు దగ్గరపడితే జనం లైను కడతారు, లైను పెరిగితే తేదీ జరుగుతుంది. గోలీల పెట్టె మీద వేసే తేదీ మాత్రం ఎవరి కోసమూ జరగదని రోజంతా అదే చూసే నాకు తెలుసు. ఈ నోటీసు ఏ రకానిదో పోల్చుకోవడంలోనే తప్పు చేశాను. ఆ పలక రోజూ వచ్చింది. రోజూ పక్కకు తోశాను.

గడువు చెప్పిన నెలాఖరు దాటిన మొదటి ఉదయం యాప్ తెరుచుకోలేదు. తెల్ల పలక వచ్చి అక్కడే నిలిచిపోయింది. మిగతా ఫోన్‌కు ఏమీ కాలేదు. మోగుతోంది, మాట వినపడుతోంది, టార్చి వెలుగుతోంది. సాయంత్రం నాచారం చౌరస్తాలో ఫోన్లు బాగుచేసే అతని దగ్గరకు వెళ్లాను.

"ఫోన్ ఖరాబ్ గాలే అక్కా, ముసల్దయింది," అన్నాడు. "చేసినోళ్లు కొన్నేండ్లే దీన్ని సూసుకుంటరు. వాళ్లు ఇడిసిపెట్టినంక యాపులోళ్లు గూడ ఇడిసిపెడ్తరు. నువ్ కొన్నప్పుడే దీని వయసు సగం అయిపోయి ఉంటది."

"మరి డబ్బా మీద రాయొద్దా? మేం జరం గోలీకే రాస్తం."

"గోలీ అయితే నోట్లేసుకుంటరు. ఫోన్ ఎవలు తింటరక్కా?"

నేనూ నవ్వాను. తర్వాత అతనే దారి చెప్పాడు. కొత్త ఫోన్‌లో యాప్ వేసి, ఈ ఫోన్ కొన్నప్పుడు పెట్టిన పాస్‌వర్డ్ కొడితే పేజీలన్నీ వస్తాయట. ఆ పాస్‌వర్డ్ నాకు తెలియదు. ఉప్పల్‌లో ఫోన్ అమ్మినతనే అవన్నీ కొట్టి ఇచ్చాడు. డబ్బా మీది కవరు చింపినట్టే అదీ అతని పని అనుకున్నాను, అడగలేదు. రోడ్డు పనుల్లో ఆ దుకాణం పోయింది. అతను ఎక్కడికి వెళ్లాడో అక్కడ ఎవరికీ తెలియదు.

"ఒక అర్జీ రాసిస్త తమ్మీ. నేనే రాస్త. మా అమ్మ పేరు రాసిన పేజీ కోసం ఒక్కరోజు తెరువుమని అడుగుత. యాడ ఇయ్యాలె?"

"యాడ ఇస్తవక్కా? దానికి కిటికీ లేదు, కూసునే మనిషి లేడు." కాసేపు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. "ఒక్క పేజీ కోసమేనా? మొన్నటిదాంక ఉండె గద. ఇంకో ఫోన్‌తోని ఒక్క ఫొటో తీసుకుంటే అయిపోతుండె."

నా బల్ల చుట్టూ పదిమంది కూర్చుంటారు. పదిమందికీ ఫోన్లున్నాయి. నోటీసును అందరికీ చదివి వినిపించాను కానీ ఫొటో తియ్యమని ఒక్కరినీ అడగలేదు.

ఆదివారం నాగారం వెళ్లాను. ఎలా చెప్పాలో బస్సులో రెండుమూడు రకాలుగా అనుకున్నాను. అమ్మ మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది.

"వచ్చినవా? నా పేరు సూపియ్యే."

అనుకున్నదేదీ చెప్పకుండా యాప్ నొక్కాను. తెల్ల పలక వచ్చింది. ఫోన్ చేతికిచ్చాను. బొటనవేలితో తెర తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గింత పొడుగుండెనా నా పేరు?"

మళ్లీ ఒకసారి తెర తుడుచుకుంది.

"సక్కగనే రాసినగా," అంది. ఫోన్ నా వైపు తిప్పింది. "ఏది, సదువు."

ఆ పలక మీద ఉన్న ప్రతి మాటా నాకు చదవడం వచ్చు. దాన్నే చూస్తూ, అందులో ఎక్కడా లేని మా అమ్మ పేరు పైకి చదివాను.