అడిగినప్పుడు ఖాళీగా పంపకు

మా మేడ మీద అద్దెకుండే టీచరుగారు పోయారు. పాల ప్యాకెట్టు పొద్దెక్కినా మెట్టు మీదే ఉండిపోయిందని మా ఆయన పైకెళ్ళి చూసి, దిగొచ్చి, "నిద్దట్లోనే పోయినట్టున్నారు" అన్నారు. నేను చేతిలో పని వదిలేసి మెట్ల వైపు నడిచాను. మా అత్త మాత్రం దేవుడి పటాల వైపు తిరిగి దండం పెట్టి, "ఈరోజు ఏ నచ్చత్రమో పంతులుగార్ని అడగరా" అంది. ఆ మనిషి పోయారని తెలిసాక మా ఇంట్లో పుట్టిన మొదటి మాట అది. అప్పుడు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.

నక్షత్రం మంచిది కాదట. విజయనగరం నుంచి ఆవిడ తమ్ముడు వచ్చి తీసుకెళ్ళగానే ఆ వాటాకి తాళం పడింది. ఆరు నెలలు తలుపు తియ్యకూడదట. వీధిలోవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి "పాపం, మంచావిడ" అన్నారు. బతికుండగా వీళ్ళే ఆవిణ్ణి ఏమనేవారో నేను మరిచిపోలేదు.

మాది నరసన్నపేటలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా పాపకి ఐదో ఏడు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. మొహంలోకి చూడదు. కొట్లో సబ్బులు వరసగా పేర్చుకుంటుంది, ఒక్కటి కదిపితే ప్రాణం పోయినట్టు ఏడుస్తుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మూలకి పోతుంది. మనమన్న మాటే తిరిగి అంటుంది గాని తనకేం కావాలో చెప్పదు. సంతోషం పట్టలేకపోతే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది. మాటలు ఆలస్యం, అంతేనన్నారు. తాయెత్తు కట్టారు. నా పాలలోనే దోషం ఉందన్నారు. శ్రీకాకుళంలో డాక్టరు ఆటిజం అని చెప్పాక, ఆ మాట ఇంట్లో ఎత్తొద్దన్నారు, కొట్టుకొచ్చేవాళ్ళు వింటారని.

టీచరుగారు విశాఖపట్నంలో ఇలాంటి పిల్లల బడిలో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళమ్మ పుట్టిన ఊరని ఇక్కడికొచ్చారు. మొదట్లో పాపకి ఏమీ చెప్పలేదు. కొట్లో బియ్యం బస్తా మీద కూర్చుని ఊరికే చూసేవారు. ఒకరోజు మిక్సీ చప్పుడికి పాప కేకలు పెట్టింది. బేరం దగ్గర అల్లరెందుకని అత్త మిఠాయి డబ్బా మూత తీసి ఒక బెల్లం జీడి దాని నోట్లో పెట్టింది. అది మా ఇంట్లో రోజూ జరిగేదే.

టీచరుగారు నన్ను పక్కకి పిలిచారు. "అరవకముందు ఏటయ్యిందమ్మా?"

"మిక్సీ వేసాను."

"అది ఏటి సేసింది?"

"అరిచిందండి."

"తర్వాత దానికి ఏటి దొరికింది?"

"జీడి."

"మరి రేపు జీడి కావాలంటే అదేటి సెయ్యాలి సెప్పు?"

నేను అత్త చేతిలో డబ్బా వైపు చూసాను. ఆవిడ నవ్వారు. "పిల్ల మొండిది కాదే. మీరంతా కలిసి నేర్పింది సక్కగా నేర్సుకుంది."

ఆవిడ చదువంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉండేది. ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత దానికి ఏం దక్కింది. దక్కేదాన్ని బట్టే ఏ పనైనా పెరుగుతుంది, తరుగుతుంది అనేవారు. అందుకని మిక్సీ వేసేముందు పాపకి చూపించి, పెరట్లోకి పంపి, అప్పుడు వెయ్యమన్నారు. అరిచి తీసుకునేదాన్ని అడిగి తీసుకునేలా మార్చారు. అరచెయ్యి చాపడం మొదట, మాట తర్వాత. పాపకి అన్నిటికన్నా ఇష్టం పొట్లాలు కట్టే పురికొస ఉండ. అది గిరగిరా తిరుగుతుంటే లోకం మరిచిపోతుంది. చెయ్యి చాపిన వెంటనే ఆ ఉండ చేతిలో పెట్టేవారు. మొదట పాప చేతిని తనే పట్టుకుని చాపించేవారు. తర్వాత మోచెయ్యి తాకేవారు. ఆ తర్వాత ఊరికే ఎదురు చూసేవారు.

"అడిగినప్పుడు ఖాళీగా పంపకు. ఖాళీగా పంపితే మళ్ళీ అరుపే వస్తాది" అని నాతో ఎన్నిసార్లు అన్నారో!

ఎదురింటి నూనె కొట్టాయన ఒకసారి అందరూ వినేలా అన్నాడు. "కుక్కకి బిస్కెట్టేసి నేర్పినట్టు నేర్పుతన్నారేటండీ!" మా అత్త కూడా నవ్వింది. టీచరుగారు బస్తా మీంచి లేవకుండానే అన్నారు. "ఒరే బాబూ, బేరం రాకపోతే రేపు నువ్వు షట్టరు తీస్తావేటి? నీకు బేరం, దానికి దారం. నిన్ను నేను కుక్కనలేదే!" ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ పోయిన రోజు "మంచావిడ" అన్నవాళ్ళలో ఆయన గొంతే గట్టిగా వినిపించింది.

గౌను తొడుక్కోవడం నేర్పినప్పుడు నేను అన్నీ తొడిగి, చివర్న కిందికి లాక్కోవడం ఒక్కటే పాపకి వదలమన్నారు. అది వచ్చాక దానికి ముందరి పని కూడా. "ఆఖరి పని దానికొగ్గీ. గెలుపు దానిదవ్వాల" అనేవారు. కళ్ళలోకి చూడమని గెడ్డం పట్టుకుని ఎప్పుడూ తిప్పలేదు. చేతులాడించడం మాన్పించమని అత్త అడిగితే, "ఎవరికేటి నష్టం? మీరు సంతోషమొస్తే సెప్పుకోరేటి?" అన్నారు.

ఆవిడకొక అలవాటుండేది. మా తలుపు బార్లా తెరిచున్నా సరే, తట్టి, రమ్మనేదాకా బయటే ఆగేవారు. "అద్దె కట్టే మనిషి సుట్టంలాగ ఆగుతాదేటో!" అని అత్త వెక్కిరించేది. పాప ఆ అలవాటు పట్టుకుంది. సాయంత్రం పైకెళ్ళి, తలుపు తట్టి, చెయ్యి చాపి, "తియ్యి" అనేది. సొంతంగా అన్న మొదటి మాట అదే. నేను గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. టీచరుగారు మురిసిపోలేదు. "నన్నొక్కదాన్నే అడిగితే అది సదువు కాదు. నిన్నడగాల, నాయనమ్మనడగాల" అన్నారు. ఆ పని సగంలో ఉండగానే వెళ్ళిపోయారు. దానికి ఆవిడ మీద కూడా కోపంగానే ఉంది.

తాళం పడ్డ మర్నాడు సాయంత్రం పాప మామూలుగా పైకెళ్ళింది. తట్టింది. చెయ్యి చాపింది. "తియ్యి" అంది. అలా ఎంతసేపో నిలబడింది. ఎవరూ తియ్యలేదు. ఆ తర్వాతి రోజు తలుపుకేసి నెత్తి కొట్టుకుని అరిచింది. నేను మెట్లెక్కేలోపే అత్త జీళ్ళ డబ్బాతో వెళ్ళింది. అరుపు ఆగింది. "సూసావా, ఎంత సులువో!" అంది.

మూడోరోజు పాప తట్టనే లేదు. చెయ్యి చాపలేదు. పైకెళ్ళగానే అరిచి, డబ్బా కోసం మెట్ల కిందికి చూసింది.

పెళ్ళయ్యాక అత్త ఎదట నేను గొంతు ఎత్తింది లేదు. ఆరోజు కొట్లోకెళ్ళి, బేరమాడేవాళ్ళ ముందే అన్నాను. "అత్తా, పై వాటా తాళం ఇయ్యండి."

"ఏటే, మతుండే మాటాడతన్నావా? దోషం. ఇంటికేటైనా జరిగితే?"

"జరిగిపోతంది అత్తా, మీ కళ్ళెదటే. ఆవిడ నేర్పిందంతా మీ డబ్బాలో కలిసిపోతంది."

అత్త కొడుకు వైపు చూసింది. మా ఆయన తూకం ఆపి తల దించుకున్నారు, కాదని మాత్రం అనలేదు. అత్త బొడ్లోంచి తాళాలగుత్తి తీసి నేల మీద విసిరింది. "నీ ఖర్మ!"

నేను పైకెళ్ళేసరికి పాప ఇంకా అరుస్తోంది. తాళం నా గుప్పిట్లో ఉంది. తియ్యలేదు. అరుపుకి తీస్తే, తీయించింది అరుపే అవుతుంది. నెత్తికీ తలుపుకీ మధ్య నా చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. ప్రతి దెబ్బా నా వేళ్ళ మీద పడింది. కింద నుంచి అత్త, "తాళం పెట్టుకుని పిల్లని ఏడిపిస్తావేటే! నువ్వు తల్లివేనా!" అని తిట్టింది. నా ఒళ్ళంతా మండిపోయింది. ఆ తిట్లకి కాదు. ఇంతమందిలో టీచరుగారి పని తెలుసుకోవాలని ఒక్కరికీ అనిపించలేదని.

పాప అలిసింది. వెక్కిళ్ళు తగ్గాయి. నేను దాని మోచెయ్యి మెల్లిగా తాకాను. చాలాసేపటికి ఆ చిన్న చెయ్యి లేచింది. తలుపు వైపు కాదు, నా వైపు తిరిగింది. "తియ్యి" అంది.

తీసాను.

లోపల గాలి ఉక్కగా ఉంది. ఆవిడ చీర దండెం మీద అలాగే ఉంది. పాప తన చాప మీద తన చోట కూర్చుంది. ఎదురుగా ఆవిడ పీట ఖాళీగా ఉంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను. పాప నా మొహంలోకి చూడలేదు. నా గాజుల వైపు చూస్తూ అరచెయ్యి చాపింది. కిటికీలో ఉన్న పురికొస ఉండ తీసి ఆ చేతిలో పెట్టాను. మూసిన గదిలో, పడమటెండలో, దుమ్ము మధ్య ఆ ఉండ తిరగడం మొదలుపెట్టింది.