తెలుపు సగం, పచ్చ సగం

నెరిడా ట్రెజైజ్ కారు అమ్మేయాలనుకోవడానికి కారణం ఆమె కళ్లు. శుక్లాలు తీయించుకున్నాక కూడా ఎదురెండలో రోడ్డు మసకగానే ఉంటోంది. ఇరవై రెండేళ్లు మా కాసిల్‌మేన్ ఊరి బడి ముందు నిలబడి పిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి. సరిగ్గా కనపడకుండా బండి నడపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. మా వీధే కాబట్టి ఆ నీలం కారు నాకూ బాగా తెలుసు. పద్దెనిమిదేళ్లుగా ఆమె దగ్గరే ఉంది.

టెగన్ అనే నర్సింగ్ చదివే అమ్మాయి కొంటానంది. ఇక కావలసింది ఒక్క కాయితమే: బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తనిఖీ చేసి ఇచ్చేది. అది లేకుండా మా దగ్గర బండి ఇంకొకరి పేరు మీదికి మారదు.

తనిఖీ చేసే మెకానిక్ జోరాన్ మొదటి చూపులోనే పెద్ద చిట్టా రాశాడు. ముందు బ్రేకుల ప్యాడ్లు అరిగిపోయి రేకు తేలాయి. ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు రెండూ వదులు. టైర్లలో రెండు గుండులా నున్నగా ఉన్నాయి.

"దీన్ని ఇన్నాళ్లూ ఎలా నడిపారండీ?"

"నెమ్మదిగా," అంది నెరిడా. "అన్నీ కొత్తవి వేసెయ్. ఆ పిల్లకి మంచి బండి ఇవ్వాలి."

వారంలో అన్నీ మార్చాడు. కాయితం రాయడమే తరువాయి అనగా, వెనక సీటు కింద కార్పెట్ తడిగా తగిలింది. అంతకుముందు రోజు పెద్ద వాన. నేల తుప్పుపట్టి చిల్లు పడితే కాయితం ఇవ్వకూడదు. సీటు విప్పి కార్పెట్ ఎత్తి చూశాడు. వెంటనే ఆమెకు ఫోన్ చేసి రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. నేనే ఆమెను తీసుకెళ్లాను.

కారు నేల మీద ఆ తలుపు నుంచి ఈ తలుపు దాకా అడ్డంగా వేలెడు లావున వెల్డింగ్ గీత ఉంది. గీతకు ముందు రేకు తెలుపు. వెనక ఆకుపచ్చ.

"లోపల ఇలా రెండు రంగులు ఎందుకు వేశారు?" అంది నెరిడా.

"ఎవరూ వెయ్యలేదు. ఇవి రెండు కార్లు. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. మధ్యకి కోసి అతికించి పైన నీలం కొట్టారు."

"రెండు కార్లేంటి? నాకున్నది ఒక్క కారే!"

జోరాన్ స్క్రూడ్రైవర్ తీసి గీత మీద పెట్టి నొక్కాడు. తుప్పు రాలి, అది పిడిదాకా కిందికి దిగిపోయింది.

నెరిడా పక్కనున్న పాత టైర్ల మీద కూలబడింది. "మా అమ్మాయి పిల్లలు ముగ్గురూ ఈ సీట్లోనే కూచునేవాళ్లు," అంది. "జీలాంగ్‌లో వాళ్లింటి దాకా. గంటకి నూట పది వేగంతో." గబుక్కున లేచి, "క్లైవ్," అంది.

క్లైవ్ మా వీధి చివరి ఇంట్లో ఉంటాడు. ఒకప్పుడు డెంటింగ్ పని చేసేవాడు. నెరిడా భర్త, ఇంట్లో ఉన్న ఒక్క కారూ తీసుకుని ఇల్లు వదిలిపోయిన వారంలో ఆమెకు ఈ కారు అమ్మింది ఆయనే. మేం వెళ్లేసరికి టమాటా మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు.

"క్లైవ్, నా కారు ఎన్ని కార్లు?"

ఆయన కుళాయి కట్టేశాడు. "తెలిసిపోయిందా," అన్నాడు.

అబద్ధమాడతాడేమోననుకుంది. ఆ ఒప్పుకోలు ఆమెను ఇంకా కుంగదీసింది.

"నీకప్పుడు ఉన్నపళంగా బండి కావాలి నెరిడా. నా షెడ్డులో ముందు గుద్దేసిందొకటి, వెనక గుద్దేసిందొకటి ఉన్నాయి. కొలతలు చూసుకుని అతికించా. పద్దెనిమిదేళ్లు నడిచిందా లేదా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్ని కాదు! అదేగా నేననేది! కాయితం ఎవడిచ్చాడు?"

"ఓ స్నేహితుడు. చూడకుండానే సంతకం పెట్టాడు. పోయాడులే పాపం."

"వాడు పోయాడు, సరే. నా మనవలు పోయుంటే?"



ఆ సాయంత్రమే నెరిడా టెగన్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. పాత ఇనుము కొట్టువాడు కారు పట్టుకెళ్తానంటే ఒప్పుకోలేదు. మళ్లీ ఎవరైనా దాన్ని రోడ్డెక్కిస్తారేమోనని ఆమె భయం. "కోసే మిషన్ తీసుకుని రమ్మను క్లైవ్‌ని," అని నాతో కబురంపింది.

డెబ్బై ఆరేళ్ల మనిషి, వచ్చాడు. జోరాన్ పెట్రోలు తీసేసి కారును తన షెడ్డు వెనక దొడ్లో పెట్టాడు. కొయ్యడంలో అతను సాయం చేస్తానంటే నెరిడా వద్దంది. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు కారు విడిపోయింది.

తెగిన అంచు దగ్గర క్లైవ్ మోకాళ్ల మీద కూచున్నాడు. తలుపుల కిందుండే గడప రేకు లోపల తన అతుకు ముప్పావు వంతు తుప్పు తినేసింది. మిగిలింది పుట్టీ, దానిమీద రంగు. గోటితో గీరితే పొడి రాలింది.

"ఇది పట్టుకుని లేదు," అన్నాడు. "నెరిడా, ఇది దేన్నీ పట్టుకుని లేదు." మిషన్ కింద పెట్టేశాడు. "ఆ పిల్లల్ని ఎక్కించుకుని నువ్వెళ్తుంటే వాకిట్లోంచి చెయ్యి ఊపేవాణ్ణి."

నెరిడా వెనక్కి తిరిగింది. నాతో ఇంటికొచ్చింది.

కొత్త టైర్లు రెండూ జోరాన్ విప్పి, టెగన్ తర్వాత కొన్న బండికి వేశాడు. నెరిడా ఇప్పుడు జీలాంగ్‌కు రైల్లో వెళ్తుంది. ఏప్రిల్‌లో ఒకరోజు క్లైవ్ ఆమె తలుపు తట్టాడు. ఆమె తీసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, వెళ్లేటప్పుడు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకుంటారు. మునుపటిలా మాత్రం కాదు.