వరద దించిన ఒండ్రు

నా ఉద్యోగం బురద తూయడం. ఎవరైనా అడిగితే ల్యాబ్‌లో చేస్తానని చెప్తాను. అక్కడితో ఆగిపోతారు. నిజానికి రెండు వారాలకోసారి వెరిబీ నది పొడవునా ఆరు చోట్ల నీళ్లు సీసాల్లో పట్టుకొస్తాను. వడగట్టి, కాగితం మీద మిగిలినదాన్ని ఆరబెట్టి తూస్తాను. తర్వాత చిన్న కొలిమిలో కాల్చి మళ్లీ తూస్తాను. తగ్గిన బరువు ఆకులదీ, నాచుదీ, పురుగులదీ, అంటే ఒకప్పుడు ప్రాణమున్నవాటిది. మిగిలింది మట్టి. పన్నెండేళ్లుగా ఇదే పని. ఒంగోలులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇంతకంటే పెద్దదేదో చేస్తాననుకున్నాను. దేశం దాటి ఇక్కడికి వచ్చాక పీహెచ్‌డీకి రెండుసార్లు దరఖాస్తు రాయడం మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. మొదటిసారి కూతురు పుట్టింది. రెండోసారి ప్రత్యేకంగా కారణమేమీ లేదు. ఓపిక లేకపోయింది.

పడవ నడిపేది మా అంకుల్. అంకుల్ అని పిలిచేది ఆఫీసు మొత్తంలో నేనొక్కదాన్నే. ఫిజీలో పుట్టిన తెలుగువాడు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక జరిగిన గొడవల్లో భార్యతో, ఒక సూట్‌కేసుతో ఇక్కడికి వచ్చాడు. ఫ్యాక్టరీలు, గోదాములు అన్నీ తిరిగి చివరికి మా దగ్గర తేలాడు. చెరుకు తోటల కూలీగా ఫిజీకి వెళ్లిన ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చి ఓడెక్కాడో ఆయనకు తెలియదు. మాట తీరును బట్టి నెల్లూరు వైపు అయ్యుండొచ్చని నా ఊహ. మేం ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. పడవలో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఆయన దాచుకున్న తెలుగు బయటికి తీసేవాడు.

పనిలో చేరిన కొత్తలో ఒకసారి నేను సెడిమెంట్, సెడిమెంట్ అంటుంటే చాలాసేపు విని అడిగాడు.

"మీ ఊళ్లో దాన్ని ఏమంటారమ్మా?"

"ఏమోనండి అంకుల్. మడ్డి అనాలేమో."

"మా నాయనమ్మ ఒండ్రు అనేది. చెరుకు తోటలోకి ఏరు వస్తాది కదా, పోయినాక మిగిలేది ఒండ్రు. అది చూసి మా నాయన సంతోషపడేవాడు. మా అమ్మ ఇల్లు కడుక్కుంటా ఏడ్చేది."

ఆ మాట నేను చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చదివి మరిచిపోయాను. ఆయన నోట వినడానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది.

ఆరు చోట్లలో మొదటిది బాకస్ మార్ష్ తోటలకు ఎగువన ఉంటుంది. అక్కడ నీళ్లలో గమ్ చెట్ల, అంటే నీలగిరి చెట్ల, ఆకులు ఆకుల్లాగే ఉంటాయి. చెయ్యి పెట్టి తీస్తే ఈనెలు కనిపిస్తాయి. దిగువకు వచ్చేకొద్దీ బూజూ పురుగులూ వాటిని కొరికి, మెత్తబరిచి, చీలికలు చేసేస్తాయి. ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి ఆకు అన్నది ఉండదు, పలచటి టీ రంగు మాత్రం మిగులుతుంది. ఆఖరిది క్యాలీఫ్లవర్ పొలాలు దాటి నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఉప్పునీరు తగలగానే అంతవరకూ విడివిడిగా తేలుతూ వచ్చిన సన్నటి బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, అడుక్కి దిగుతాయి. సీసాలో పట్టి కాసేపు నిలబెడితే దిగడం కళ్లతోనే చూడొచ్చు. నేను మొదట్లో ఆగి చూసేదాన్ని. తర్వాత్తర్వాత మూత బిగించి లేబుల్ అంటించేసేదాన్ని.

అంకుల్ రిటైరయ్యే ఏడాది వసంతంలో వరద వచ్చింది. నది ఏడాదంతా మోసే మట్టిలో చాలా భాగం అలాంటి నాలుగైదు రోజుల్లోనే కిందికి వస్తుంది. అందుకని అందరూ ఇళ్లలో ఉండే సమయంలో మేం బయటికి వెళ్లాలి. పాయింట్ కుక్‌లోని మా ఇంటి నుంచి ఉదయం ఐదున్నరకు బయలుదేరేదాన్ని. మొదటి మూడు రోజులు వంతెనల మీద నుంచి తాడు కట్టిన సీసాలు వదిలాం. నీళ్లు పాలు ఎక్కువైన కాఫీలా ఉన్నాయి. వడపోత కాగితం రెండు గుక్కలకే మూసుకుపోయేది. నాలుగో రోజు వరద తీసింది కానీ, ఒడ్డు మీది చెత్తంతా నీళ్లలో కుళ్లుతూ, వాటిలో ఉన్న ఆక్సిజన్‌ను తినేసింది. నది సముద్రంలో కలిసే చోట చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. అంకుల్ వాటిని చూసి ఇంజిన్ వేగం తగ్గించాడు. తగ్గిస్తే వాటికి ఒరిగేదేమీ లేదు. అయినా తగ్గించాడు.

ఇంకో వారానికి ఉప్పునీరు వెనక్కి వచ్చింది. మా మేనేజర్ ఒడ్డు బురద కావాలంది. వరద దించిన పొర ఎంత మందం ఉంది, దాని కింద పాత బురద ఎలా ఉంది, అది చూడాలి. చెయ్యంత పొడవున్న, లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి నిలువుగా దింపి, పైన మూత బిగించి, లాగి, కింద మూత పెట్టాలి. పొరలు చెదరకుండా చివరిదాకా నిలువుగానే మోయాలి. అంకుల్ రిటైర్ కావడానికి అప్పటికి మూడు వారాలుంది.

పోటు మళ్లీ ఎక్కకముందే పని ముగించాలని తొందర. బురద మీద పరిచిన వెడల్పాటి పలక మీద ఇద్దరం మోకాళ్లపై కూర్చుని గొట్టం దింపాం. అంకుల్ పైకి లాగాడు. అద్భుతంగా వచ్చింది. పైన రెండు వేళ్ల మందాన లేత గోధుమరంగు, కింద నల్లటి పాత బురద, మధ్యలో కత్తితో గీసినట్టు గీత. కింది మూత నా వెనక ఉన్న బకెట్‌లో ఉంది. అందుకోవడానికి లేచి ఒక్క అడుగు పక్కకు వేశాను. పలక మీద కాదు, బురద మీద.

ఆ తూలుకు రెండో కాలూ జారి, రెండూ తొడలదాకా దిగిపోయాయి. కుళ్లిన గుడ్ల వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. కాలు ఎత్తబోతే ఇంకో కాలు ఇంకా దిగింది.

"కదలొద్దమ్మా. వెనక్కి వాలు. కుర్చీలో కూర్చున్నట్టు వాలు."

"గొట్టం, అంకుల్. కింద మూత పెట్టలేదు."

ఆయన గొట్టం వైపు చూడను కూడా లేదు. వదిలేశాడు. అది పక్కకు ఒరిగి, పై పొరా కింది పొరా కలిసిపోయి, సగం బయటికి జారింది. ఆయన పలక మీద బోర్లా పడుకుని నా మోకాళ్ల చుట్టూ చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. అరవై ఆరేళ్ల మనిషి. నీళ్లు లోపలికి పోతే తప్ప బురద పట్టు వదలదని చెప్తూ తవ్వాడు. పోటు మెల్లగా ఎక్కుతోంది. నాకు భయం వేసిందని ఇప్పుడు చెప్పగలను కానీ, అప్పుడు అనిపించింది భయం కాదు. ఇక్కడే ఇలా వెనక్కి వాలి ఉంటే బాగుండునని, ఎవరూ లేవమనకపోతే బాగుండునని అనిపించింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"భుజం మీద పట్టీలు తీసెయ్. బూట్లతో సహా ఆ తొడుగు వదిలెయ్. నువ్వు ఒక్కదానివే రా."

ఛాతీ దాకా వేసుకునే రబ్బరు తొడుగులోంచి ఒక్కో కాలు జార్చుకుంటూ, ఆయన చేతులు పట్టుకుని, పలక మీదికి పాకాను. ముప్పావు గంట పట్టింది. పడవలో కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. తన కప్పు మాత్రం పట్టుకోలేక కింద పెట్టేశాడు.

"రిపోర్టులో నేనే పడేసినానని రాయి. నా చేతి నుంచి జారిందని. నాకు మూడు వారాలే ఉండాది. నువ్వు ఇంకా చెయ్యాల."

"అలా ఎలా రాస్తానండి. అడుగు తప్పింది నేను."

"రాయమ్మా" అన్నాడు ఇంకోసారి, మెత్తగా.

నేను జరిగింది జరిగినట్టే రాశాను. పలక దిగడం నా తప్పని, నన్ను బయటికి తీయడానికే ఆయన గొట్టం వదిలాడని. మర్నాడు మేనేజర్ ఇద్దర్నీ పిలిచింది. నా రిపోర్టు రాకముందే ఆయన ఫోన్ చేసి, వయసైపోయిందనీ, చెయ్యి వణికి గొట్టం జారిందనీ చెప్పేశాడట. ఇద్దరి మాటలూ కలవలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. చివరికి నన్ను భద్రతా శిక్షణకు మళ్లీ పంపింది. చెయ్యి వణుకుతుందని ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి పడవ ఎక్కనివ్వడం కుదరదంది. మిగిలిన రోజులు ల్యాబ్‌లో సీసాలు కడగమంది.

బయటికి వచ్చాక నాకు కోపం వచ్చింది.

"ఎందుకు చెప్పారంకుల్? ఇప్పుడు చూడండి ఏమైందో."

"నువ్వు నిజం రాస్తావని తెలుసు. అందుకే ముందే ఫోన్ చేసినా" అన్నాడు. తర్వాత, "చెయ్యి వణికేది కూడా నిజమే. రెండేళ్ల నుంచి" అన్నాడు.

నేను రెండేళ్లుగా ఆ చేతుల పక్కనే కూర్చుని పనిచేశాను. ఎన్నడూ చూడలేదు.

అలా ఆయన మొదటిసారి ల్యాబ్ లోపలికి వచ్చాడు. అన్నేళ్లు బురద మోసి గుమ్మం దగ్గర దించి వెళ్లిన మనిషి. లోపల దాన్ని ఏం చేస్తారో ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. గొట్టంలో మిగిలి మాతో వెనక్కి వచ్చిన ఆ కలిసిపోయిన బురదను పారేయకుండా ఒకే నమూనాగా కొలవమన్నారు. ఆరబెట్టి, నూరి, చిన్న పింగాణీ గిన్నెల్లో పెట్టాను. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. కొలిమిలో ఐదువందల యాభై డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచి, చల్లారాక మధ్యాహ్నం బయటికి తీశాను. నల్లగా లోపలికి వెళ్లింది ఇటుక రంగులో బయటికి వచ్చింది.

"రంగు మారిందే" అన్నాడు.

"నలుపు ఇనుముదీ గంధకానిదీ అంకుల్. గాలాడని చోట అట్లా అవుతుంది. కాలిస్తే ఇనుము తుప్పు రంగుకి వస్తుంది. ఆకులూ అవీ పొగై పోయాయి."

తూచి అంకె చూపించాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని చూశాడు.

"పోయింది కొంచెమే."

"కొంచెమే. కానీ కిందున్న పురుగులన్నీ తినేది ఆ కొంచెమేనండి. వాటిని పక్షులు తింటాయి."

ఆయన గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫిజీలో వాళ్ల నాన్న కౌలుకు చేసిన చెరుకు తోట గురించి చెప్పాడు. కౌలు గడువు తీరాక ఇల్లు విప్పి చెక్కలు లారీలో వేసుకుని వెళ్లారట. వెళ్లేటప్పుడు వాళ్ల నాన్న తోట వైపు తిరిగి కూడా చూడలేదట. లారీలో తాను అటువైపే చూస్తూ కూర్చున్నానని చెప్పాడు. నేను తర్వాతి గిన్నె తూచాను. ఆయన అంకె రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం మిగతా చోట్ల నమూనాలతో కలిపి ముప్పై గిన్నెలు అలాగే అయిపోయాయి. నా ఉద్యోగంలో నేను విసుగు లేకుండా పనిచేసిన ఆఖరి రోజు అదే అనుకుంటాను.

ఆయన రిటైరైన రోజున కేక్ తెచ్చారు. ఆయన చేతికి కత్తి ఇస్తే నా చేతిలో పెట్టాడు.

కొత్తగా పడవ నడపడానికి వచ్చినామె చురుకైనది, జాగ్రత్త ఎక్కువ, మాట తక్కువ. ఆమె చేరాకే, శీతాకాలంలో, అదే ఒడ్డున మళ్లీ గొట్టం దింపాం. అప్పటికి వరద పొరను పురుగులు తవ్వి కింది బురదతో కలిపేశాయి. గీత లేదు. ఆ సంవత్సరం వరద ఎంత మట్టి దించిందో ఆ ఒడ్డు దగ్గర ఎవరికీ సరిగ్గా తెలియదు. నివేదికలో ఒక ఖాళీ గడి, కింద చిన్న అక్షరాలతో కారణం. కారణం నేనే టైప్ చేశాను.

నెల క్రితం ఆయనకు ఫోన్ చేశాను. క్వేకర్స్ హిల్‌లో ఉండే కొడుకు దగ్గరికి, వేరే నగరానికి, మారిపోయాడు.

"ఎట్లా ఉన్నారంకుల్?"

"బాగుండాను. మనవరాలు నా తెలుగుకి నవ్వుతాది. డాక్టరు మందు మార్చినాడు. నువ్వు అలిసిపోయినట్టు ఉండావే."

"పని ఉందండి, అంతే."

"ఆ పీహెచ్‌డీ ఏమైంది?"

ఆయనకు అది ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. పడవలో ఎప్పుడో చెప్పుంటాను. ఏమీ కాలేదన్నాను. ఆయన సరేనన్నాడు. తర్వాత మనవరాలిని బడి నుంచి తీసుకురావాలని పెట్టేశాడు. నేను ల్యాబ్ ముందు ఆపిన కారులో ఉన్నాను. వెనక సీట్లో నిన్నటి సీసాలు పన్నెండు ఉన్నాయి, ఇంకా వడగట్టలేదు. దిగి ల్యాబ్ తలుపు తెరిచి, వాటిని రెండు విడతలుగా లోపలికి మోశాను.