మహాప్రసాద్

బదిలీ మీద భిలాయ్ వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం నేనూ, నా భార్య లక్ష్మీ ఎక్కడికో ఒకచోటికి వెళ్లేవాళ్లం. పక్కింటివాళ్లనూ పిలుద్దామని తను అడిగేది. రెండేళ్లలో వెళ్లిపోయే ఊళ్లో స్నేహాలెందుకని కొట్టిపారేసేవాణ్ణి. వారమంతా తనకు మాట్లాడే మనిషి లేదన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ఒకసారి దుర్గ్ దగ్గర శివనాథ్ నది ఒడ్డున మా పక్కన ఇద్దరు ముసలివాళ్లు టిఫిన్ డబ్బా విప్పారు. ఒకాయన భిలాయ్ స్టీల్ ప్లాంటులో రిటైరైన శ్రీకాకుళం మనిషి. రెండో ఆయన ఇక్కడి రైతు. "మహాప్రసాద్!" అని మొదటాయన కేకేయగానే, ప్రసాదం పంచుతున్నాడనుకుని చెయ్యి చాపాను.

ఆయన పగలబడి నవ్వాడు. "ప్రసాదం కాదు బాబూ, ఈడే మహాప్రసాద్!"

రైతు కూడా నవ్వి, "లో భయ్యా, ఖావో" అంటూ నా చేతిలో రొట్టె పెట్టాడు.

"ఆయన పేరా అండీ?"

"పేరేటి! పూరీ జగన్నాథుడి ప్రసాదం ఒకరికొకరం తినిపించుకున్నాం. ఆ పొద్దు నుంచి అన్నదమ్ములం. ఇక్కడోల ఆచారం అది. మరింక పేరెట్టి పిలవకూడదు. నలభై ఏళ్లయింది. ఆడి అమ్మ పోతే నానూ గుండు చేయించుకున్నాను."

స్నేహితుడి మీది గౌరవంతో నలభై ఏళ్లుగా అతని పేరు పలకని మనిషి ఆయన. ఆరు నెలలుగా పక్కింటాయన పేరైనా అడగనివాణ్ణి నేను.

ఆ సాయంత్రం మా ఇంటి తాళం తీయకముందే పక్కింటి గంట నొక్కాను. తలుపు తీసినాయనను పేరడగడానికి నేను సిగ్గుపడుతుంటే, లక్ష్మి నన్ను దాటుకుని లోపలికి వెళ్లిపోయింది.